నా ముక్కు విరిచింది ఆ పిల్ల కాదు

నేను ఒక రేసు కారుని. ఒంటి సీటు బండిని. నాకు పైకప్పు లేదు, తలుపుల్లేవు, హారను లేదు, డిక్కీ లేదు. పక్కన కూర్చుని "కాస్త మెల్లగా పోనివ్వండి" అనే మనిషికి అసలే చోటు లేదు. నాలుగు చక్రాలూ ఒంటికి ఎడంగా బయటికే ఉంటాయి. నన్ను మొదటిసారి చూసినవాళ్ళు "ఇంకా పూర్తిగా తయారు కాలేదా?" అని అడుగుతారు. పూర్తిగానే తయారయ్యాను. నా ఆకారమే ఇది. నచ్చకపోతే బస్సెక్కి వెళ్ళండి.

ఇంత పెడసరంగా మొదలుపెట్టానని ఏమీ అనుకోకండి. విజయవాడ ఆటోనగర్లో ఏడాదిగా నా గురించి అనని మాట లేదు. నష్టజాతకం బండి అన్నారు. ఎక్కినవాళ్ళ ఎముకలు విరగ్గొడుతుందన్నారు. నన్ను అంటే నేను పడతాను, ఇనుమూ ఫైబరూ కలిసిన ఒళ్ళు నాది. కానీ నాకంటే ఎక్కువ మాటలు ఒక పదిహేడేళ్ళ పిల్లని అన్నారు. అది నేను ఒప్పుకోను. వచ్చే సీజను మొదలయ్యేలోగా జరిగింది జరిగినట్టు చెప్పి తీరతాను. వినేవాళ్ళు వినండి.

నేను పుట్టింది కోయంబత్తూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. నల్లటి ఫైబరు గుడ్డని పొరమీద పొరగా అచ్చులో పరిచి, మధ్యలో జిగురు పట్టించి, ఇంత పెద్ద పొయ్యిలో పెట్టి ఉడికించారు. దిబ్బరొట్టె కాల్చినంత ఓపికగా కాల్చారు. బయటికి తీసేసరికి రాయిలా గట్టిపడ్డాను, ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని ఎత్తగలిగేంత తేలిగ్గానూ ఉన్నాను. ఆ తర్వాత వెనక ఇంజను, ముందు ముక్కు, ముక్కు కింద అడ్డంగా ఒక రెక్క బిగించారు. ఆ రెక్క ఎగరడానికి కాదు. గాలి దాని మీద కూర్చుని నన్ను నేలకి అదిమి పడుతుంది. అది లేకపోతే నా ముందు చక్రాలకి నేలంటే లెక్క ఉండదు, ఎటు తిప్పినా తిన్నగానే పోతాయి. ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకోండి చాలు, మిగతా యంత్రశాస్త్రం మీకు అక్కర్లేదు.

నా మొదటి యజమాని తిరుప్పూరు బనియన్ల వ్యాపారి గారబ్బాయి. అతను నాలో కూర్చుని తిరిగిన దానికంటే నా పక్కన నిలబడి ఫొటోలు దిగింది ఎక్కువ. మలుపు వస్తోందంటే చాలు, పెళ్ళిచూపులకి వచ్చిన పెళ్ళికొడుకులా నెమ్మదించిపోయేవాడు. పోనీలే, మంచివాడు, నన్ను ఎప్పుడూ దేనికీ గుద్దలేదు. పెళ్ళి కుదరగానే నన్ను అమ్మేశాడు. కొన్నది విజయవాడ ఆటోనగర్లో బస్సులకి బాడీలు కట్టే దాసరి వీరభద్రం గారు.

బస్సులు కట్టే మనిషికి రేసు కారెందుకని మీరడగొచ్చు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. ఆయన యార్డులో పుట్టిన బస్సులు రాష్ట్రమంతా తిరుగుతాయి. కానీ బస్సు వెనక పేరు చూసి చప్పట్లు కొట్టేవాడు ఉండడు. ఎక్కినవాళ్ళు సీటు దొరకలేదని తిడతారు, దిగినవాళ్ళు ఆలస్యమైందని తిడతారు. తన పేరున్న బండి ఏదైనా ముందు వస్తే జనం లేచి నిలబడాలని ఆయనకి జీవితంలో ఒక్క కోరిక. అందుకని జూనియర్ ఛాంపియన్‌షిప్‌లో ఒక టీము పెట్టాడు.

జూనియర్ ఛాంపియన్‌షిప్ అంటే పెద్ద రేసులకి వెళ్ళాలనుకునే కుర్రకారుకి మొదటి మెట్టు. అందులో కార్లన్నీ ఒకే అచ్చు, ఇంజన్లన్నీ ఒకటే. ఇంజనుకి సీలు వేసి ఉంటుంది, ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఓడినవాడు బండిని తిట్టడానికి వీల్లేకుండా పెద్దలు చేసిన ఏర్పాటు ఇది. అయినా తిడతారు, అది వేరే సంగతి.

నన్ను నడపడానికి వీరభద్రం ఎంచుకున్నది గుడివాడలో టైర్ల కొట్టు నడిపే మానేపల్లి సూర్యం గారమ్మాయిని. పేరు ఉజ్వల. చిన్నప్పటి నుంచి హైదరాబాదులో చిన్న కార్ల రేసుల్లో తిరిగిన పిల్ల. ఆమె నాలో మొదటిసారి కూర్చున్న రోజు నాకు బాగా గుర్తు. తిరుప్పూరు అబ్బాయి స్టీరింగుని పట్టుకుంటే వేడి గిన్నెని పట్టుకున్నట్టుండేది. ఈ పిల్ల పట్టుకుంటే, ఎన్నాళ్ళకి మనిషి దొరికిందిరా అనిపించింది. మలుపుల్లో నేను ఎంత వరకు వెళ్ళగలనో నాకే తెలియదు. ఆమె చూపించింది. అప్పటి వరకు నేను పుట్టాను గాని బతకలేదు.

ఇక అసలు కథకి వస్తాను. వీరభద్రం గారి తల్లి పేరు అచ్చమ్మ గారు. యార్డు పెట్టిన నాటి నుంచి అక్కడ కట్టిన ప్రతి బస్సుకీ పూజ ఆవిడ చేతి మీదుగా జరగాల్సిందే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి తిప్పి, బస్సు ముందున్న ఇనప బంపరు మీద కొబ్బరికాయ ఫెడేల్మని కొడితే ఒక్క దెబ్బకి రెండు చిప్పలు కావాలి. అచ్చమ్మ గారి చేతి చలవ అంటే ఆటోనగర్లో అంత నమ్మకం. ఆవిడ కొట్టిన బండి బోల్తా పడదంటారు. పక్క యార్డుల వాళ్ళు కూడా కారు పంపి ఆవిడని తీసుకెళతారు.

సీజను మొదటి రేసుకి బయల్దేరే ముందు నాకూ పూజ పెట్టారు. పసుపు రాశారు, బంతిపూల దండ వేశారు. నిమ్మకాయలు నలిపించారు. ఇదంతా నాకు సరదాగానే ఉంది. అచ్చమ్మ గారు కొబ్బరికాయ పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడి, ఎక్కడ కొట్టాలో తెలియక కాసేపు చూశారు.

"ఒరే భద్రం, దీనికి బంపరేదిరా?"

"దీనికి ఉండదే అమ్మా. కింద నేల మీద కొట్టెయ్యి."

"నేల మీద కొట్టడానికి ఇదేమన్నా శంకుస్థాపనంట్రా? బండికి కొట్టాలి. ఈ ముక్కు గట్టిదేనా?"

"గట్టిదేనే. విమానాలు చేసే సరుకంట."

ఆ మాట నిజమే. విమానాలు చేసే సరుకే. కానీ ఏ విమానం మీదా ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. నా ఫైబరు గాలి మోపే బరువుని ఎంతైనా మోస్తుంది, ఒక్కచోట పడే పోటుకి మాత్రం లోపల్లోపల పగిలిపోతుంది. ఇనుములా సొట్టపడి చెప్పదు. బస్సులతో పెరిగిన మనుషులకి ఆ తేడా తెలిసే దారి లేదు. అచ్చమ్మ గారు చెయ్యెత్తి, అన్నేళ్ళుగా ఇనప బంపర్ల మీద కొట్టిన అలవాటుతో, సరిగ్గా రెక్క బిగించిన చోటికి పైన కొట్టారు. ఒక్క దెబ్బకి రెండు చిప్పలయ్యాయి. అందరూ సంతోషించారు. నా లోపల పొరలు పటుక్కుమన్నాయి. నీళ్ళు నా ముక్కు మీది నుంచి కారాయి. ఆవిడ ప్రేమగా అదే చోట ఇంత కుంకం అద్దారు. నీళ్ళతో కలిసి ఆ కుంకం పగులులోకి దిగింది.

ఉజ్వల అప్పుడు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. చూసిన మనిషి ఒక్కడే, మెకానిక్కు ఖాసిం. నా ముక్కు తుడుస్తుంటే రంగు మీద సన్నటి గీత కనబడింది. అతను తలెత్తి అచ్చమ్మ గారిని చూశాడు. ఆవిడ అందరికీ కొబ్బరిముక్కలు పంచుతున్నారు. ఓనరు గారి తల్లి, అందులోనూ ఆ చెయ్యి! "మీరు కొట్టిన దెబ్బకి బండి చీలిందండీ" అని ఎవడంటాడు? బస్సుకి గీత పడితే ఆ యార్డులో ఏం చేస్తారో అదే చేశాడు. గీత కనబడకుండా దాని మీద టీము స్టిక్కరు అంటించాడు. రేసుకి ముందు బండ్లని పరీక్ష చేసే అధికారులకి కూడా అందమైన స్టిక్కరే కనబడింది.

రేసు చెన్నై దగ్గరి ట్రాకులో. ఉజ్వల మూడో స్థానంలో ఉంది, రెండోవాడి వెనక చక్రాలకి అంటుకుని పోతోంది. పొడవాటి దారి చివర ఒక కుడి మలుపుంది, దానికి ముందు పక్కన ఎర్రచారల బోర్డు ఉంటుంది. బోర్డు దాటాక బ్రేకు తొక్కాలి. ఎంత ఆలస్యంగా తొక్కగలిగితే అంత గెలుపు. ఉజ్వల తొక్కింది. బరువంతా ముందుకి వచ్చి పడింది. నా ముక్కు ఆ పగులు దగ్గర విరిగిపోయింది, రెక్క ఊడి చక్రాల కిందికి దూరింది. ఆమె స్టీరింగు తిప్పుతూనే ఉంది. నా చక్రాలు వినలేదు. నేను ఆ పిల్ల మాట విననిది ఆ ఒక్కసారే. తిన్నగా వెళ్ళి టైర్ల గోడని గుద్దుకున్నాం. ఆమె కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రి మంచం మీద నుంచి ఆమె చెప్పింది, ముందు రెక్క పోయిందని, ఆ తర్వాతే బండి తిరగలేదని. ఎవరు వింటారు? గోడకి గుద్దుకుంటే రెక్క విరగదా అన్నారు. ఆడలేక మద్దెల ఓడందిట అన్నారు. ఆడపిల్ల, ఆవేశపడి ఆలస్యంగా తొక్కిందన్నారు. అదే ఆలస్యాన్ని మగపిల్లాడు తొక్కితే ధైర్యం అంటారు, నేను విన్నాను. కొందరు కాస్త జాలిపడి, పిల్లది కాదు తప్పు, ఆ కారే మంచిది కాదన్నారు. అచ్చమ్మ గారి చేత్తో కొట్టిన బండికే ఇలా అయిందంటే అదెంత నష్టజాతకమో చూసుకోమన్నారు.

నన్ను లారీలో వేసి యార్డుకి తెచ్చారు. విరిగిన ముక్కుని ఒక గోనెసంచిలో వేసి నా పక్కనే పడేశారు. మర్నాడు వీరభద్రం ఒక్కడే వచ్చాడు. సంచి విప్పి ముక్కలు బయటికి తీసి చూశాడు. విరిగిన అంచుని వెలుగులోకి పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ముక్కల్ని మళ్ళీ సంచిలో వేసి, మూతికి ఇనప తీగ చుట్టి, పటకారుతో బిగించి వెళ్ళిపోయాడు. పారెయ్యలేదు. పారెయ్యమని ఇంకొకరికి ఇవ్వనూ లేదు. ఆ తర్వాత ఎవరైనా ప్రమాదం మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరికంటే ముందు ఆయనే "ఆ అమ్మాయి తొందరపడిందండీ" అనేవాడు.

కోయంబత్తూరు నుంచి కొత్త ముక్కు తెప్పించి నాకు బిగించారు. అమ్మకానికి పెట్టారు. వచ్చినవాళ్ళు నా చరిత్ర విని టీ తాగి వెళ్ళిపోయారు. ఏడాది గడిచింది. చుట్టూ బస్సులు అస్థిపంజరాల్లా వచ్చి, రంగులు పూసుకుని, హారన్లు కొట్టుకుంటూ వెళ్ళిపోతుంటే నేను టార్పాలిన్ కింద పడి ఉన్నాను. బస్సులంటే నాకు చులకన ఉండేది. ఆ ఏడాది మాత్రం వాటిని చూసి కుళ్ళుకున్నాను.

ఇంతలో వచ్చే సీజను ప్రకటన వచ్చింది. కొత్త నియమాలు, కొత్త కార్లు. డ్రైవరు తలకి కాపలాగా పైన ఒక గట్టి కమాను ఉండాలట. నాకు లేదు, పెట్టించుకునే వీలూ లేదు. అంటే నా పని అయిపోయినట్టే. వీరభద్రం కొత్త కారు చెప్పాడు. దానికి డ్రైవరుగా భీమవరం రొయ్యల చెరువుల కనుమూరి రాజు గారబ్బాయి అభినందన్‌కి మాటిచ్చాడు. వయసు పరిమితి వల్ల ఉజ్వలకి ఈ జూనియర్ ఛాంపియన్‌షిప్‌లో మిగిలింది ఈ ఒక్క సీజనే. గోడని గుద్దిన పిల్లన్న పేరుతో ఇంకో టీము ఏదీ ఆమెని తీసుకోలేదు. ఇది పోతే ఇక టైర్ల కొట్టే.

ఒకనాటి పొద్దున్న ఆమె యార్డుకొచ్చింది. మణికట్టు అతుక్కుంది గాని కాస్త వంకర ఉండిపోయింది. టార్పాలిన్ లాగి నన్ను చూసి, కొత్త ముక్కు నిమిరి, "పాతదేది మావయ్యా?" అంది ఖాసింతో.

ఖాసిం గోనెసంచి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆమె తీగ విప్పబోయింది. బిగించిన తీగ చేతికి రాలేదు. పటకారు తెచ్చి కోసింది. ముక్కల్ని నేల మీద పరిచి వరసగా పేర్చింది. గోడకి గుద్దుకుని విరిగిన అంచులన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. రెక్క బిగించిన చోటి అంచు మాత్రం లోపలి పొరల దాకా ఎర్రగా ఉంది. ఆమె వేలితో రుద్ది వాసన చూసింది.

"ఇది కుంకం కదా మావయ్యా? ఇంత లోపలికి ఎట్టా పోయింది?"

ఖాసిం ఆ ముక్కల పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పూజనాడే చీలింది తల్లీ. నేను చూశాను. పెద్దావిడ చెయ్యి... నోరు పెగల్లేదు. ఇంతకొస్తదనుకోలేదు" అన్నాడు.

ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త సుఖంగా ఉండేది. ఆ ముక్క పట్టుకుని నేరుగా ఆఫీసు వరండాలోకి నడిచింది. వరండా నాకు ఎదురుగానే ఉంటుంది, ఒక్క మాట పోకుండా విన్నాను. వీరభద్రం కుర్చీలో ఉన్నాడు. అచ్చమ్మ గారు పక్కన బల్ల మీద కూర్చుని వక్క నములుతున్నారు.

"బాబాయ్ గారూ, నేను ఆలస్యంగా తొక్కలేదు. తొక్కేసరికే ఇది చీలి ఉంది. చూడండి."

ఆయన ఆ ముక్క వంక చూడలేదు. "అయిపోయినవన్నీ ఇప్పుడెందుకమ్మా? చదువు చూసుకో. మీ నాన్నతో నేను మాట్లాడతాలే."

"నాకు చదువు గురించి చెప్పక్కర్లేదండీ. ఇందులోకి కుంకం ఎట్టా వచ్చిందో చెప్పండి చాలు."

"ఏంటమ్మాయ్ నువ్వనేది?" ఆయన లేచి నిలబడ్డాడు. "మా అమ్మ చెయ్యి మంచిది కాదంటావా? ఆవిడ కొట్టిన బస్సులు ఎన్ని తిరుగుతున్నాయో తెలుసా నీకు?"

"మామ్మ గారి చెయ్యి మంచిదే. నా మణికట్టూ మంచిదేనండి, విరిగేదాకా. కొబ్బరికాయ దెబ్బ బస్సు ఆపుకుంటది, ఇది ఆపుకోలేదు. అంతే. అందులో ఎవరి తప్పూ లేదు. తప్పు నాదన్నారు చూడండి, అదొక్కటే తప్పు."

అచ్చమ్మ గారు నమలడం ఆపారు. "ఇట్టా తే పిల్లా" అని ఆ ముక్క తీసుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని, పగులులో వేలు పెట్టి, బయటికి తీసి చూశారు. వేలి కొన ఎర్రబడింది.

"ఇది నా కుంకమేరా భద్రం. మన యార్డులో ఇంకెవరు పెడతారు?" ఆవిడ కొడుకు మొహంలోకి చూశారు. "నీకు ముందే తెలుసా?"

వీరభద్రం మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"నోరు తెరువు."

"తెలిస్తే నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనని పిల్ల నెత్తిన రుద్దావా? ఏరా, నా చెయ్యి కాపాడుకోవడానికి దాని చెయ్యి దొరికిందా నీకు?"

నేను ఎన్నో ఇంజన్ల చప్పుళ్ళు విన్నాను. ఆ ముసలావిడ గొంతంత బలంగా ఏదీ వినబడలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ మీద పీకల్దాకా కోపం నాకు. ఆ క్షణాన అదంతా పోయింది. తన చేతి చలవ గురించి ఊరంతా చెప్పుకునే మాటని ఆవిడే, తన నోటితోనే తీసి అవతల పారేశారు. అది మాటలు కాదు.

సీటు ఆ పిల్లకే ఇవ్వమని ఆవిడ పట్టుబట్టారు. రాజు గారికి మాటిచ్చానే అని వీరభద్రం తల పట్టుకున్నాడు. అప్పుడు ఉజ్వల అన్న మాట నేను ఎప్పటికీ మరచిపోను.

"నాకు జాలిపడి ఎవరూ ఇవ్వొద్దు. ఇద్దరం నడుపుతాం. ఎవరు ముందుంటే వాళ్ళకివ్వండి. కొత్త కారు ఇంకా రాలేదుగా, దీన్లోనే నడుపుతాం."

దీన్లోనే అంటే నాలోనే. తన మణికట్టు విరిచిన బండిలోనే!

మళ్ళీ అదే ట్రాకు. ఖాసిం నా ఒంటి మీద మరలన్నీ ఒక్కొక్కటే విప్పి చూసి బిగించాడు. కొత్త ముక్కుని ఏ స్టిక్కరూ లేకుండా నల్లగా వదిలేశాడు. భీమవరం రాజు గారు దూరం నుంచే నన్ను చూసి చేతులు జోడించారు.

"ఏవనుకోకండి వీరభద్రం గారూ, ఈ కార్లో మావోణ్ణి ఎక్కించలేనండి. వినకూడనివన్నీ విన్నావండి ఆయ్."

కానీ ఆ అబ్బాయి తండ్రి మాట వినలేదు. "ఆవిడ ఎక్కగా లేంది నేను ఎక్కలేనా నాన్నగారూ?" అని హెల్మెట్టు పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే బాగా నడిపాడు. చెయ్యి నెమ్మది, మలుపుల్లో తొందర లేదు. కానీ ఎర్రచారల బోర్డు కనబడగానే ప్రతిసారీ అతని కాలు ముందే బ్రేకు మీదికి వచ్చేది. నన్ను నమ్మలేదు. అతన్ని ఏమీ అనలేను, ఊరంతా అలా చెబితే ఎవరు నమ్ముతారు?

తర్వాత ఉజ్వల ఎక్కింది. బెల్టులు బిగించుకుంది. మొదటి రౌండు నెమ్మదిగా టైర్లు వేడెక్కించింది. రెండో రౌండులో నన్ను వదిలింది. గాలి వచ్చి నా రెక్క మీద కూర్చుంది, ఏడాది తర్వాత నేల మళ్ళీ నా చక్రాలకి అందింది. పొడవాటి దారిలోకి వచ్చాం. చివర ఆ బోర్డు. నాకు భయం వేసింది. దాచుకోవడానికేముంది, ముక్కు విరిగిన దాన్ని, ఆ గోడని దగ్గర నుంచి చూసిన దాన్ని. ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో సీటు బెల్టుల్లో నాకు తెలుస్తూనే ఉంది. అంటే ఆమెకీ భయమే. బోర్డు వచ్చింది. కాలు కదల్లేదు. బోర్డు వెనక్కి పోయింది. అప్పుడు తొక్కింది, ఆనాడు ఎక్కడ తొక్కిందో సరిగ్గా అక్కడే. ఒక్క అడుగు కూడా ముందు కాదు.

నా ముక్కు నిలబడింది. చక్రాలు ఆమె మాట విన్నాయి. మలుపు తిరిగి అవతలికి వచ్చేసరికి నాకు గట్టిగా అరవాలనిపించింది. హారను లేదు కాబట్టి ఇంజను చేత అరిపించింది ఆమె. ఆ తర్వాతి రౌండూ అంతే, ఆ పై రౌండూ అంతే. అతని కంటే ఎంత ముందున్నామో అందరి మొహాలూ చెబుతున్నాయి. వాచీ చూడక్కర్లేకపోయింది.

పిట్టులోకి, అంటే ట్రాకు పక్కన బండ్లని ఆపి చూసుకునే చోటికి, వచ్చి ఆగాం. వీరభద్రం నా ముందుకి నడిచి వచ్చాడు. చుట్టూ మెకానిక్కులు, రాజు గారు, ఆయన కొడుకు, ట్రాకు మనుషులు కొందరు. అందరికీ వినబడేలా చెప్పాడు.

"పోయినేడు ఈ కారు గోడని గుద్దుకున్నది ఈ అమ్మాయి వల్ల కాదు. మా ఇంట్లో పూజకి కొట్టిన దెబ్బకి ముక్కు పగిలింది. నేను చూశాను. తెలిసి కూడా ఈ పిల్ల మీద వేశాను. తప్పు నాది. వచ్చే సీజను మా టీముకి ఈ అమ్మాయే నడుపుతుంది, ఆవిడకి ఇష్టమైతే."

ముందుగా చెయ్యి చాచింది అభినందనే. ఉజ్వల గ్లవ్ తియ్యకుండానే ఆ చేతిని పట్టుకుంది. హెల్మెట్టు అద్దం మాత్రం పైకి ఎత్తలేదు. లోపల ఆ పిల్ల ఏడుస్తోందని అక్కడ నాకొక్కదానికే తెలుసు, సీటు వణుకుతోంది కదా. ఆసుపత్రిలో ఏడవని పిల్ల, ఏడాదంతా అందరూ అన్ని మాటలంటుంటే ఏడవని పిల్ల, ఇప్పుడు ఏడ్చింది.

వీరభద్రం వంగి, "దిగమ్మా, ఇక చాలు. నెలలో కొత్త కారు వస్తుంది" అన్నాడు.

ఆమె బెల్టులు విప్పకుండా ఖాసిం వైపు తిరిగింది. "మావయ్యా, పెట్రోలు ఉందా?"

"ఉంది తల్లీ, ఇంకో రౌండుకి సరిపోద్ది" అన్నాడు ఖాసిం.

"అయితే కాస్త పక్కకి జరగండి బాబాయ్ గారూ."

ఆయన జరిగాడు. అందరూ జరిగారు. నాకిక రేసు లేదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. వచ్చే సీజనులో ఆమె తల మీద కమానున్న కొత్త కారులో కూర్చుంటుంది, నేను టార్పాలిన్ కిందికి వెళతాను. ఆ సంగతి ఇద్దరం పిట్టులోనే వదిలేసి బయటికి వచ్చాం. పొడవాటి దారిలో ఆమె కాలు చివరి దాకా నొక్కింది, నేను నా దగ్గరున్నదంతా ఇచ్చాను. ఈసారి బోర్డు దాటాక ఇంకా కొంచెం ఆగి తొక్కింది.

ఆ రౌండుకి ఎవరూ వాచీ పెట్టలేదు.